మనిషి లేని బల్ల

బొమ్మల ప్రదర్శనకు వెళ్ళినప్పుడు మన సాహిత్యమిత్రుల నోట ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. గోడమీద ఒక చిత్రం ఉంటుంది. అందులో ఒక బల్ల, బల్లమీద నాలుగు సీసాలు, ఒక కూజా, ఒక రేకుడబ్బా. పక్క చిత్రంలో ఒక గదిమూల, ఒక కుర్చీ, కిటికీలోనుంచి పడే వెలుగు. అవి కూడా ఉన్నవి ఉన్నట్టు ఉండవు. సీసా ఒక నిలువు తెల్లచారగానూ, కుర్చీ నాలుగు అడ్డగీతలుగానూ మారిపోయి ఉంటాయి. మన మిత్రుడు కాసేపు చూసి, "అంతా బాగానే ఉంది గాని, ఇందులో మనిషేడీ?" అంటాడు.

ఈ ప్రశ్నను చూసి నవ్వేవాళ్ళున్నారు. చిత్రకళ తెలియనివాడి ప్రశ్న అని తోసిపారేస్తారు. అది సరికాదు. కళ ఎవరికోసం, ఎవరి పక్షాన అని అడిగిన ఒక తరం ఈ ప్రశ్నను మనకు అప్పగించి వెళ్ళింది. కరువుల్లోనూ, యుద్ధాల్లోనూ, జైళ్ళలోనూ మనుషులు చస్తుంటే కళాకారుడు ఏం చేస్తున్నాడని అడిగే హక్కు జనానికి ఉన్నది. అయితే న్యాయమైన ప్రశ్నను కూడా తప్పుగా వేసే అవకాశం ఉన్నది. చిత్రంలో మనిషి బొమ్మ ఉందా లేదా అని వెతకటం తప్పు పద్ధతి అనీ, సరైన పద్ధతి మరొకటి ఉన్నదనీ నా అభిప్రాయం.

ఇందుకు నేను తీసుకుంటున్న ఉదాహరణ ఇటలీ చిత్రకారుడు జోర్జో మొరాండి. ఆయన 1890లో బొలోన్యా నగరంలో పుట్టి, 1964లో అక్కడే చనిపోయాడు. ఈనాడు ఇంటి గదులనూ, బల్లమీది గిన్నెలనూ నైరూప్యంగా మార్చి చిత్రించేవాళ్ళలో చాలామంది ఆయనకు ఏదో విధంగా రుణపడినవాళ్ళే. అంతకన్న ముఖ్యమైన కారణం ఒకటి ఉన్నది. రెండు ప్రపంచయుద్ధాలూ, ఇరవై ఏళ్ళపై చిలుకు ఫాసిస్టు పాలనా నడుస్తుండగా ఈ మనిషి దాదాపుగా సీసాలనే చిత్రించాడు. మన ప్రశ్నకు ఇంతకన్న గట్టి పరీక్ష దొరకదు.

ముందుగా ఒక మాటను గురించి. తెలుగు విమర్శలో "వస్తువు" అనే పదానికి ఒక చిక్కున్నది. వస్తువూ శిల్పమూ అని మనం విడదీసి మాట్లాడేటప్పుడు, వస్తువంటే రచయిత చెప్పదలచిన జీవితం అని అర్థం. బజారులో వస్తువంటే చేత్తో పట్టుకునే గిన్నె, చెంబు. నిశ్చలచిత్రం వేసేవాడి దగ్గర ఈ రెండు అర్థాలూ ఒకదానిమీద ఒకటి పడతాయి. అతను వస్తువులనే వస్తువుగా తీసుకున్నాడు. అప్పుడు మనకు కాలు నిలవదు. గిన్నె కనిపిస్తున్నది గాని దానిలో జీవితమేదీ అని అడుగుతాం. చిన్నాచితకా సామానేదీ కవిత్వానికి అనర్హం కాదని శ్రీశ్రీ 1930 దశకంలోనే ప్రకటించాడు. ఆ మాటను కవిత్వం విషయంలో మనం సంతోషంగా ఒప్పుకున్నాం. చిత్రకళ విషయం వచ్చేసరికి అదే గిన్నెను అనుమానంగా చూస్తున్నాం.

ఈ రకం చిత్రాలకు పేరు పెట్టటంలో కూడా దేశాలకు ఏకాభిప్రాయం లేదు. డచ్చివాళ్ళూ, వాళ్ళననుసరించి ఇంగ్లీషువాళ్ళూ "కదలని జీవితం" అన్నారు. ఫ్రెంచివాళ్ళూ, ఇటాలియనులూ "చచ్చిన ప్రకృతి" అన్నారు. ఒకరికి ఆ బల్లమీద ప్రాణం కనిపించింది, మరొకరికి శవం కనిపించింది. మన మిత్రుడి ప్రశ్న ఈ పాత తగాదాకు కొనసాగింపే.

మనిషి బొమ్మ లేనంత మాత్రాన చిత్రంలో సమాజం లేకుండా పోతుందా? పోదనటానికి పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రాలు సాక్ష్యం. 1669లో విలెం కాల్ఫ్ వేసిన ఒక చిత్రంలో చైనానుంచి వచ్చిన అల్లపుజాడీ ఉన్నది. అతని ఇతర చిత్రాల్లో పింగాణీ గిన్నెలు, వెండి పళ్ళాలు, తూర్పుదేశపు తివాచీలు, సగం తొక్క తీసిన నిమ్మపండ్లు కనిపిస్తాయి. మనిషి లేడు. కాని ఆ బల్ల చుట్టూ సగం భూగోళం ఉన్నది. 1602లో పుట్టిన డచ్చి తూర్పు ఇండియా కంపెనీ ఓడలు ఆ సరుకును అక్కడికి చేర్చాయి. జాజికాయ వ్యాపారాన్ని గుత్తకు పట్టటంకోసం 1621లో ఆ కంపెనీ బందా ద్వీపాలలో వేలమందిని చంపింది, మిగిలినవాళ్ళను బానిసలుగా తరలించింది. ఆ దీవులలో సుగంధద్రవ్యాలకు మారకంగా ఇచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది మన కోరమండల్ తీరపు బట్ట. మచిలీపట్నంలో 1605 ప్రాంతంలోనే డచ్చివాళ్ళు వర్తకస్థానం పెట్టారు. మనవాళ్ళు వాళ్ళను వలందులన్నారు. ఆ ఊళ్ళో వలందపాలెం అనే పేరు నేటికీ మిగిలి ఉన్నది. అంటే ఆమ్‌స్టర్‌డాం వర్తకుడి గోడమీద వేలాడిన ఆ బల్లమీది వైభవంలో కృష్ణా, గోదావరి మండలాల నేతగాళ్ళ చేతులు కూడా ఉన్నాయన్నమాట.

ఈ సంగతి చిత్రకారుడికి తెలుసా, తెలియదా అనేది వేరు విషయం. కంపెనీ చరిత్ర తెలిసినవాడు ఆ బల్లముందు నిలబడితే అతనికి బోలెడంతమంది మనుషులు కనిపిస్తారు. కట్టడాన్ని చూసినప్పుడు దాన్ని కట్టినవాళ్ళను గురించి అడగటం మనం ఏనాడో నేర్చుకున్నాం. బల్లను చూసినప్పుడు కూడా అదే అడగాలి. అంచేత "ఇందులో మనిషేడీ?" అనే ప్రశ్నకు సగం జవాబు చూసేవాడు తెచ్చుకోవలసి ఉంటుంది. మిగతా సగానికి చిత్రకారుడు బాధ్యుడు. ఆ సగాన్ని మొరాండి దగ్గర వెతుకుదాం.

మొరాండి బ్రతుకు చాలా చిన్న గదిలో గడిచింది. బొలోన్యాలో వియా ఫొందాత్సా అనే వీధిలో తల్లితోనూ, పెళ్ళిళ్ళు చేసుకోని ముగ్గురు చెల్లెళ్ళతోనూ కలిసి ఉన్నాడు. ఆయన పడక, పని రెండూ ఒకే గదిలో. ఆ గదిలో ఉన్నవి ఖరీదైన సామాన్లు కావు. నూనె సీసాలు, పాలకూజాలు, కిరసనాయిలు దీపం, గరాటు, ఓవల్టీన్ డబ్బాలాంటి రేకుడబ్బాలు. వీటిని ఆయన ఉన్నవి ఉన్నట్టు చిత్రించేవాడు కాదు. సీసాలోపల రంగు పోసి దాని నిగనిగ పోగొట్టేవాడు. డబ్బామీది పేరుచీటీని రంగుతో కప్పేసేవాడు. బల్లమీద కాగితం పరిచి, ఏ వస్తువు ఎక్కడ నిలబడాలో పెన్సిలుతో గీసుకునేవాడు. ఒక కూజాను అంగుళం జరపటానికి రోజులు పట్టేవి. ఇట్లా బ్రతుకంతా పనిచేసి పదమూడు వందలకు పైగా తైలచిత్రాలు వేశాడు. రాగిరేకుమీద ఆమ్లంతో చెక్కే ఎచింగు చిత్రాలు నూటముప్పై దాకా చేశాడు.

మొదట చూసినవాడికి అన్నీ ఒకేరకంగా ఉంటాయి. నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక చిత్రంలో సీసాలు సభలో మనుషుల్లాగా దూరందూరంగా నిలబడతాయి. మరొకదానిలో చలికి ముడుచుకున్నట్టు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చివరి సంవత్సరాల చిత్రాల్లో కూజా అంచు ఎక్కడ ముగిసి, వెనక గోడ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. రంగులు కూడా మట్టిరంగు, బూడిదరంగు, వెలిసిన గులాబీరంగు, మాసిన తెలుపు. కంటికి కనిపించే వాస్తవంకన్న నైరూప్యమైనది మరొకటి లేదన్న భావం ఆయన ఒక సందర్భంలో వెలిబుచ్చాడు. తాను వాస్తవాన్ని వదిలిపెట్టలేదనే ఆయన నమ్మకం.

ఇక నేరారోపణలు వినాలి. అవి చిన్నవి కావు. 1926లోనూ, 1929లోనూ ముస్సోలినీ ఆదరణలో జరిగిన నొవెచెంతో ప్రదర్శనల్లో మొరాండి చిత్రాలున్నాయి. 1928లో బొలోన్యా ఫాసిస్టు పత్రికలో తన్ను గురించి తాను రాసుకున్న పరిచయంలో, ఫాసిజంమీద తనకు మొదటినుంచీ నమ్మకమున్నట్టు చెప్పుకున్నాడు. 1930లో పోటీ పరీక్ష లేకుండా, కీర్తిని బట్టి, బొలోన్యా కళాశాలలో ఎచింగు ఆచార్యపదవి లభించింది. 1956 దాకా ఆ ఉద్యోగం చేశాడు. గ్రాంషీ 1926లో అరెస్టయి, జైలులో రాతపుస్తకాలు నింపి, 1937లో చనిపోయాడు. ఆ సంవత్సరాలలోనే మొరాండి నెలనెలా సర్కారు జీతం తీసుకుంటూ సీసాలు సర్దుకుంటున్నాడు.

ఇంకొక సంగతి ఉన్నది. అన్నిటికన్న బరువైనది అదే. బొలోన్యాకు దక్షిణాన కొండల్లో గ్రిజానా అనే ఊరున్నది. మొరాండి వేసవుల్లో అక్కడికి వెళ్ళేవాడు. 1943లో నగరంమీద బాంబుల భయంవల్ల అక్కడే ఉండి ఆ కొండలనూ, చెట్లనూ, ఇళ్ళనూ అనేక చిత్రాలుగా వేశాడు. మరుసటి ఏడు, 1944 సెప్టెంబరు 29కీ అక్టోబరు 5కీ మధ్య, అదే కొండల్లో, మార్జబొత్తో, గ్రిజానా, మొంజూనో గ్రామాలలో నాజీ సైనికులు సుమారు 770 మంది సామాన్యులను చంపారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మొరాండి చిత్రాల్లో ఆ హత్యాకాండ జాడ లేదు. యుద్ధానికి ముందు సీసాలు ఎట్లా నిలబడ్డాయో, తరవాతా అట్లాగే నిలబడ్డాయి. మార్జబొత్తోలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ చిత్రాలముందు నిలబడి మన మిత్రుడి ప్రశ్నే వేస్తే ఏమని చెబుతాం?

మొరాండిని సమర్థించేవాళ్ళు వెంటనే మరొక సంఘటన చెబుతారు. 1943 మే నెలలో ఫాసిస్టు పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. ఫాసిస్టు వ్యతిరేకులతో, ముఖ్యంగా కళాచరిత్రకారుడు రగ్యాంతితో, స్నేహం ఉన్నందుకు. వారం రోజులలోపుగా విడుదలయినాడు. తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన సంవత్సరమే ఇది. ఇంకా ఏమంటారంటే, ఫాసిజం కళాకారుణ్ణి రోమను చక్రవర్తుల విగ్రహాలూ, కండలు తిరిగిన యోధులూ, జయధ్వానాలూ అడిగింది; ఈయన మాసిన సీసా ఇచ్చాడు; అదే ఆయన తిరుగుబాటు అని.

ఈ వాదం నాకు పూర్తిగా మింగుడుపడదు. మౌనం అడ్డం రానంతకాలం రాజ్యం మౌనానికి జీతం ఇస్తుంది. మొరాండికి ఇచ్చింది కూడా. సీసా వేసినందుకు ఆయనను ఎవరూ జైలులో పెట్టలేదు; స్నేహితులవల్ల పెట్టారు. వారంరోజుల నిర్బంధం 1928 నాటి వాక్యాలను చెరపలేదు. అట్లాగే 1928 నాటి వాక్యాలు చిత్రాలను చెరపలేవు. పౌరుడుగా మొరాండి చేసినది తప్పు, ఆ తప్పును తప్పుగానే చెప్పాలి. ఆ తప్పును తీసుకువచ్చి చిత్రానికి శిక్ష వెయ్యటంగాని, అరెస్టును తీసుకువచ్చి చిత్రానికి పతకం ఇవ్వటంగాని ఒకే బద్ధకానికి రెండు రూపాలు. రెండు పక్షాలవారూ చిత్రాన్ని చూడకుండానే తీర్పు చెబుతున్నారు. ఒక రచన కళగా ఎంత గొప్పది అనే విచారణనూ, అది ఏ సంస్కృతికోసం నిలబడుతుందనే పోరాటాన్నీ కలగాపులగం చెయ్యరాదని జైలులో కూచుని గ్రాంషీ హెచ్చరించాడు. రెండూ అవసరమే, రెంటికీ ఒకే కొలబద్ద పనికిరాదు.

ఈ హెచ్చరికను గ్రాంషీ పార్టీయే పాటించలేకపోయింది. 1948 అక్టోబరులో బొలోన్యాలో సమకాలీన చిత్రకళా ప్రదర్శన ఒకటి జరిగింది. వామపక్ష సాంస్కృతిక సంఘం ఆధ్వర్యాన జరిగినదే. దానిని గురించి పార్టీ నాయకుడు తొల్యాత్తి "రినాషిత" పత్రికలో, తన పూర్తిపేరు పెట్టకుండా, చాలా పరుషమైన వ్యాఖ్య రాశాడు. ఆ నైరూప్య చిత్రాలన్నీ వికారాలనీ, అర్థంలేనివనీ ఈసడించాడు. గుత్తూజో మొదలైన కమ్యూనిస్టు చిత్రకారులే దానికి నొచ్చుకుని జవాబు రాశారు. గుత్తూజో నైరూప్యవాది కాడు, రైతులనూ కూలీలనూ చిత్రించినవాడు. అయినా చూడకుండా కొట్టివెయ్యటం తప్పని అతనికి తోచింది. సరిగా అదే 1948లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో మొరాండికి బహుమతి వచ్చింది. 1957లో బ్రెజిలులో సావ్ పావులో ప్రదర్శనలో చిత్రకళకు పెద్ద బహుమతి కూడా వచ్చింది. వామపక్షం తిట్టిపోసిన మార్గానికి పెట్టుబడిదారీ ప్రపంచం చప్పట్లు కొట్టింది. మన చేతులతో మనమే ఆ బల్లను అవతలివాళ్ళ గదిలోకి మోసుకెళ్ళి ఇచ్చినట్టయింది.

అవతలివాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారో ఫెలీనీ 1960లో "లా దోల్చె వీత" సినిమాలో చూపించాడు. అందులో స్టైనర్ అనే మేధావి ఇంట్లో మొరాండి చిత్రం ఉంటుంది. స్నేహితులకు దాని గొప్ప వివరిస్తాడు. అందమైన ఇల్లు, సంగీతం, కవిత్వం, చక్కటి పిల్లలు. ఆ మనిషే ఒకనాడు తన ఇద్దరు పిల్లలనూ చంపి, తనూ చస్తాడు. మొరాండి తప్పు లేదు, నిజమే. కాని శాంతి కావాలని గోడకు చిత్రం తగిలించుకున్నవాడికి శాంతి దక్కలేదని ఫెలీనీ గ్రహించాడు. బయట ఉన్న అశాంతికి తలుపు మూసి లోపల నిశ్శబ్దం పెంచుకుంటే, ఆ నిశ్శబ్దం కుళ్ళుతుంది.

మరి ఆ చిత్రాల్లో మనకు పనికివచ్చేది ఏమైనా ఉందా? ఉన్నదని నేననుకుంటున్నాను. దాన్ని చూపటానికి మరొక బల్ల దగ్గరికి వెళ్ళాలి. 1867లో వచ్చిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో సరుకు మాయను వివరించటానికి మార్క్స్ ఎంచుకున్న ఉదాహరణ ఒక చెక్కబల్ల. బల్లగా ఉన్నంతవరకూ అందులో వింత ఏమీ లేదు. సరుకుగా మారి బజారుకు రాగానే దానికి ఎక్కడలేని మాయా వచ్చిపడుతుంది. మనుషులకూ మనుషులకూ ఉన్న సంబంధం వస్తువులకూ వస్తువులకూ ఉన్న సంబంధంలాగా కనిపించటం మొదలుపెడుతుంది. చేసినవాడి చెయ్యి మాయమయి, ధర మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు మొరాండి డబ్బామీది పేరుచీటీని కప్పివేసిన సంగతి గుర్తుచేసుకోండి. పేరుచీటీ అంటే సరుకు ముఖం. అది కంపెనీపేరు చెబుతుంది, మనను కొనమని పిలుస్తుంది. సీసా నిగనిగ అంటే దుకాణపు అద్దంవెనక నిలబడినప్పటి సొగసు. ఈ రెంటినీ ఆయన ఊడగొట్టాడు. ఆ తరవాత మిగిలినది ఒక ఆకారం, దానిమీద పడే వెలుగు, పక్క సీసాకూ దానికీ మధ్య ఉన్న ఎడం. కొనటానికి పనికిరాని దానిని గంటల తరబడి చూడమని మనను ఒప్పించాడు. రోజంతా ప్రకటనల అరుపుల్లో బ్రతికే మనకు ఇది చిన్న మేలు కాదు. వస్తువును ధరనుంచి విడదీసి చూడటం నేర్చుకోనివాడు సరుకు మాయను పుస్తకంలో చదివినా కళ్ళతో గ్రహించలేడు.

అయితే ఇది సగం పనే. ఎందుకంటే మొరాండి సీసాలో నూనె లేదు, పాలకూజాలో పాలు లేవు. వాటిని ఎవరూ చేత్తో ఎత్తరు. బజారునుంచి వస్తువును విడిపించాడు గాని, దాన్ని తిరిగి మనిషి చేతికి అందించలేదు. ఊదినవాడి ఊపిరి, కడిగినవాళ్ళ చెయ్యి, వంచుకుని తాగినవాడి దప్పిక, ఏవీ అక్కడ లేవు. విడుదలయిన ఖైదీని జైలు గుమ్మం బయట నిలబెట్టి, ఇంటికి దారి చూపకుండా వదిలేసినట్టున్నది. పైగా చరిత్ర ఒక పరిహాసం చేసింది. సరుకు ముఖం చెరిపిన ఆ చిత్రమే పెద్ద ఖరీదైన సరుకయింది. పేరుచీటీ పోయి, ఆ చోట మొరాండి సంతకం వచ్చి నిలబడింది.

ఆ లేని చేతులు ఎవరివో ఆ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మొరాండి గదిని చూసినవాళ్ళు సీసాలమీద పేరుకున్న దుమ్మును ప్రత్యేకంగా వర్ణించారు. ఆయన ఆ దుమ్మును తుడవనిచ్చేవాడు కాదు. దుమ్ము పడిన వస్తువుమీద వెలుగు మెత్తగా నిలుస్తుంది. చిత్రాల్లోని ఆ మాసిన కాంతికి అది కూడా ఒక కారణం. కళాకారుడి నిష్ఠగా దీన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు మటుకు ఆ గది గోడకు ఇవతల ఉన్న ఇల్లు జ్ఞాపకం వస్తుంది. అక్కడ వంట, ఉతుకు, ఊడుపు చూసుకున్నది తల్లీ, చెల్లెళ్ళూ. ఇల్లు నడిపే ఆడదానికి దుమ్ము రోజూ ఓడించవలసిన శత్రువు. ఈరోజు ఓడించినా రేపు తెల్లవారేసరికి మళ్ళీ వస్తుంది. దుమ్మును అందంగా చూసే తీరిక ఒక గదిలో దొరకాలంటే, మిగతా గదుల్లో దాన్ని ఎవరో తుడుస్తూ ఉండాలి. ఆ బల్లమీది మౌనాన్ని కాపాడినది ఆ ఆడవాళ్ళ చాకిరి. వందలాది గృహచిత్రాల్లో ఆ చాకిరి ఒక్కసారి కూడా బల్లదాకా రాలేదు. ఆ చిత్రాలను జాగ్రత్తచేసి నగరానికి అప్పగించినది కూడా చెల్లెలే. మరియా తెరేసా ఇచ్చిన సంపదతోనే 1993లో బొలోన్యాలో మొరాండి మ్యూజియం తెరిచారు.

మన మిత్రుడు అడిగిన మనిషి ఇక్కడ ఉన్నది. ఆమె చిత్రం చట్రానికి అంగుళం అవతల, చీపురు పట్టుకుని నిలబడి ఉన్నది. మొరాండి చూపు ఆమెదాకా పోలేదు. ఇది నైరూప్యకళ లోపమా, మొరాండి లోపమా? ఇక్కడ తొందరపడి నైరూప్యాన్నే దోషిని చేస్తే మళ్ళీ 1948 నాటి పొరపాటే చేస్తాం.

ఆ పొరపాటు చెయ్యనక్కర లేదనటానికి మన దేశంలోనే సాక్ష్యమున్నది. 1943 బెంగాలు కరువులో చిత్తప్రసాద్ ఊరూరా తిరిగి ఆకలి శవాలను గీశాడు. ఆ సంవత్సరం వెలువడిన "హంగ్రీ బెంగాల్" ప్రతులను బ్రిటిషు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగలబెట్టింది. అదే కరువు సోమనాథ్ హోర్‌ను చిత్రకారుణ్ణి చేసింది. 1946లో తెభాగా రైతుల పోరాటం చూడటానికి వెళ్ళి, అక్కడి మనుషులను బొమ్మలుగానూ దినచర్యగానూ నమోదు చేశాడు. ఇంతవరకూ మన మిత్రుడికి అభ్యంతరం ఉండదు. 1970 దశకంలో ఆ సోమనాథ్ హోరే "గాయాలు" అనే చిత్రాల వరస చేశాడు. మట్టి, మైనం పలకలమీద కత్తితో గాట్లు పెట్టి, వాటికి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు పరిచి ఆరబెట్టాడు. వచ్చినది తెల్ల కాగితంమీద తెల్లటి గాటు, తెల్లటి బొబ్బ, తెల్లటి చీలిక. మనిషి లేడు. ముఖం లేదు. రంగు కూడా లేదు. మొరాండి సీసాకైనా ఒక ఆకారం ఉన్నది, ఇక్కడ అదీ లేదు.

అయినా ఆ కాగితంముందు నిలబడినవాడు ఇందులో మనిషేడీ అని అడగలేడు. కాగితమే చర్మమయింది, గాటు మనకే తగిలినట్టుంటుంది. కరువులోనూ, తెభాగాలోనూ చూసినదాన్నంతా ఆ చెయ్యి మర్చిపోలేదు. మనుషుల ఆకారాలను వదిలిపెట్టింది వాళ్ళనుంచి పారిపోవటానికి కాదు, వాళ్ళకు తగిలిన దెబ్బను మరింత దగ్గరగా చూపటానికి. తెలుపుమీద తెలుపు రాసిన ఇద్దరు చిత్రకారుల్లో ఒకరు మనుషులనుంచి ఎడంగా జరిగితే, రెండోవారు ఇంకా దగ్గరికి జరగవచ్చు. ఆకారం ఉన్నదా లేదా అని లెక్కపెట్టే విమర్శకుడికి ఈ తేడా ఎన్నటికీ దొరకదు.

అంచేత మన ప్రశ్నను మార్చుకోవాలి. చిత్రంలో మనిషి ఉన్నాడా అనే ప్రశ్నకు బదులు మూడు ప్రశ్నలు వేద్దాం. ఈ వస్తువు ఏ చేతులమీదుగా ఈ బల్లమీదికి వచ్చింది? చిత్రకారుడి చూపు ఆ చేతులవైపు జరుగుతున్నదా, వాటినుంచి ఎడంగా జరుగుతున్నదా? ఈ చిత్రం చూసి బయటికి వచ్చినవాడు తన ఇంట్లో బల్లను మునుపటికన్న బాగా చూడగలుగుతాడా?

ఈ మూడు ప్రశ్నలతో చూస్తే కాల్ఫ్ బల్ల మొదటిదానికి పుష్కలంగా జవాబు చెబుతుంది, తక్కినవాటి దగ్గర తడబడుతుంది. మొరాండి రెండోదానిలో ఓడిపోయాడు, మూడోదానిలో గెలిచాడు. ఆ గెలుపును మనం ఒప్పుకోవాలి, ఆ ఓటమిని దాచకూడదు. మార్జబొత్తో తల్లికి చెప్పదగిన జవాబు కూడా ఇదే. ఈ చిత్రకారుడు నీ దుఃఖాన్ని చూడలేదమ్మా, అది అతని లోటు. చూడటం ఎట్లాగో మటుకు కొంత నేర్పాడు. ఆ చూపుతో నీ దుఃఖాన్ని చూడవలసిన పని మా మీద ఉన్నది.

మొరాండి బ్రతికిన నగరాన్ని 1945నుంచి 1966దాకా దోజా అనే కమ్యూనిస్టు మేయరు పాలించాడు. ఆ సంవత్సరాలలో మొరాండి చిత్రిస్తుండగా కిటికీ అవతల ఎర్రజెండాల ఊరేగింపులు నడుస్తూనే ఉన్నాయి. గదికీ వీధికీ మధ్య ఉన్నది ఒక కిటికీ తలుపు. వీధిలో నడిచేవాళ్ళు గదిలోని సీసాను తిట్టటంవల్ల ఆ తలుపు తెరుచుకోలేదు. గదిలో ఉన్నవాడు వీధిని మర్చిపోవటంవల్ల అసలే తెరుచుకోలేదు. ఈనాడు మన ఊళ్ళలో బల్లనూ, గదినీ, గిన్నెనూ చిత్రించే పిల్లలున్నారు. వాళ్ళను మన ప్రదర్శనలకు పిలిచినప్పుడు "ఇందులో మనిషేడీ?" అని గుమ్మంలోనే ఆపకండి. లోపలికి రానిచ్చి, బల్లముందు కూచోబెట్టి, "ఈ గిన్నె ఎవరు తోమారు?" అని అడగండి.